రేపల్లెలో వోల్టేజీ పెరిగి పాడైన పాట

1972 వేసవిలో నన్ను తెనాలి డివిజన్ కింద రేపల్లె సెక్షన్‌కి కరెంటు ఇంజనీరుగా వేశారు. సెక్షన్ అంటే కొన్ని లైన్లు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటితోపాటు ఊరి తిట్లు. అన్నిటికీ నేనే బాధ్యుణ్ణి. నా ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. తెనాలిలో ఉండే డివిజనల్ ఇంజనీరు గారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

రేపల్లె లైను చిట్టచివర ఉన్న ఊరు. ఇళ్లకి రెండువందల ముప్పై వోల్టులు అందాలి. సాయంత్రం రైస్ మిల్లు తిరిగిందంటే నూట అరవై కూడా అందేది కాదు. బల్బు వెలుగుతోందో లేదో చూడటానికి అగ్గిపుల్ల గీయాల్సి వచ్చేది. నేను నానా తంటాలు పడి మిల్లుకి వేరే ట్రాన్స్‌ఫార్మర్ వేయించి, ఊళ్లో వోల్టేజీ సరిచేశాను. దండ వేస్తారనుకుంటే నా మీద పిటిషన్ వేశారు.

వేసినవాళ్లు ఇంగ్లీషు పాటల అభిమానులు. ఆదివారం సాయంత్రాలు మెడికల్ షాపు కోటేశ్వరరావు మేడ మీద చేరి, గిటార్లు వాయించే ఓ ఇంగ్లండు బ్యాండు రికార్డు వినేవాళ్లు. అందులో ఒక నెమ్మది ప్రేమపాట వాళ్ల ప్రాణం. తెనాలి నాటకాలు చూసి పెరిగినవాళ్లు కదా, దాన్నీ పద్యంలాగే వినేవాళ్లు. గాయకుడు గొంతు సాగదీస్తే ‘ఆహా’ అని తొడ చరిచేవాళ్లు. ‘వన్స్ మోర్’ అనగానే కోటేశ్వరరావు ముల్లు మళ్లీ మొదటికి పెట్టాలి. వీళ్లకి నాయకుడు ఇంగ్లీషు లెక్చరర్ సుందరరామయ్య గారు. ఆ గాయకుడికి యాభై దాటాయనీ, భార్య పోయిందనీ, ఆ దుఃఖమే గొంతులో పలుకుతోందనీ ఆయన తేల్చేశారు. ఆ సంగతి మీద బాపట్లలో ఉపన్యాసం కూడా ఒప్పుకున్నారు.

ఆ దుఃఖం మా వోల్టేజీది మహాప్రభో! చవకరకం రికార్డు ప్లేయర్ల మోటారు వోల్టేజీ తగ్గితే నెమ్మదిస్తుంది. ప్లేటు నెమ్మదిస్తే గొంతు బొంగురుపోతుంది, పాట సాగుతుంది. నేను వోల్టేజీ సరిచేశాక భార్య పోయిన ఆ ముసలాయన కాస్తా మీసాలు రాని కుర్రాడైపోయాడు. ‘ఇంజనీరు అధిక కరెంటు పంపి అమూల్యమైన పాటను ధ్వంసం చేశారు, తగిన చర్య తీసుకోవలెను’ అని తెనాలికి పిటిషన్. చదివి పగలబడి నవ్వాను. డివిజనల్ ఇంజనీరు గారు నవ్వే మనిషి కాదని గుర్తొచ్చాక నా నవ్వు ఆగిపోయింది.

ఇలాంటి ఫిర్యాదుకి, ఫిర్యాదుదారు ఎదుటే మీటరు పెట్టి చూడాలని నియమం. డివిజనల్ ఇంజనీరు గారే స్వయంగా వచ్చారు. అందరం మేడ ఎక్కాం. మీటరు రెండువందల ముప్పై చూపించింది.

“సరిగ్గానే ఉందిగా?” అన్నారాయన.

“మీటరుకేం తెలుసండీ! పాట వినండి, ఉసురు తీసేశారు,” అంటూ లెక్చరర్ గారు రికార్డు పెట్టించారు.

నాకు ఒళ్లు మండింది. ఒక బల్బు తెప్పించి మోటారు వైరు మధ్యలో తగిలించాను. అలా చేస్తే వోల్టేజీలో కొంత బల్బు తినేస్తుంది, మోటారుకి మిగిలిందే అందుతుంది. ప్లేటు బద్ధకించింది. ముసలివాడు మళ్లీ పాడాడు.

“వచ్చాడండీ మనవాడు! వన్స్ మోర్!” అని లెక్చరర్ గారు కళ్లు తుడుచుకున్నారు.

ఇక ఆగలేక ఉన్నమాట అనేశాను. ఇప్పుడు ఏడ్చింది బల్బనీ, గాయకుడు పాడింది ఇందాకటిదనీ చెప్పాను. సిగ్గుపడతారనుకున్నాను. లెక్చరర్ గారు నాకేసి జాలిగా చూశారు.

“అయితే ఏంటండీ? ఎలా పాడాలో ఆ కుర్రాడికి తెలీలేదు, అంతే.”

మేడంతా చప్పట్లు. మా డివిజనల్ ఇంజనీరు గారు ఆ పాటని రెండు రకాలుగానూ శ్రద్ధగా విని, బల్బు వాళ్లకే ఇచ్చేయమన్నారు. వాళ్లు పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. నా ప్రొబేషన్ మీద సంతకమూ పడింది. లెక్చరర్ గారు రికార్డుతోపాటు బల్బునీ బాపట్ల మోసుకెళ్లారు. ఉపన్యాసం బ్రహ్మాండంగా సాగిందని విన్నాను.

ఆ తర్వాత ఏ ఊళ్లో వోల్టేజీ పెంచాలన్నా ముందు పదిమందికీ చెప్పి పెంచేవాణ్ణి. ఏళ్ల తరబడి అలవాటైన లోపాన్ని జనం తమ ఆస్తి అనుకుంటారు. దాన్ని చెప్పకుండా సరిచేసినవాడు వాళ్ల లెక్కలో దొంగ.