మా ఆయన, ఆయన జోర్గో

పొద్దు పొడవక ముందే లేచి, పాలు పోసి ఉప్పు వేసిన టీ పెద్ద ఫ్లాస్కులో నింపేదాన్ని. నూనెలో వేయించిన రొట్టెముక్కలు గుడ్డలో మూటగట్టి లారీ సీటు మీద పెట్టేదాన్ని. ఇప్పుడు టీ నా ఒక్కదానికే. చెయ్యి మాత్రం పాత కొలతకే పోతుంది. మిగిలింది పారబోస్తున్నాను.

మా ఆయన ఎసెన్‌కుల్. మా ఊరు అత్‌బాషీలో ఆయన్ని ఎరగని ఇల్లు లేదు. పెళ్లయిన కొత్తలో కొన్న లారీకి జోర్గో అని పేరు పెట్టుకున్నాడు. కుదుపు లేకుండా సాగిపోయే గుర్రాన్ని మేం అలా అంటాం. కనుమ ఎక్కేటప్పుడు స్టీరింగు నిమురుతూ "ఇంకొంచెం, తల్లీ" అనేవాడు.

"నాతో ఎప్పుడైనా ఇంత మెత్తగా మాట్లాడావా?" అంటే, "నువ్వు ఈ బరువుతో కనుమ ఎక్కి చూపించు, మాట్లాడతా" అని నవ్వేవాడు.

చైనా వైపు నుంచి దుప్పట్లు, పిల్లల బూట్లు తెచ్చేవాడు. వేసవిలో నన్నూ ఎక్కించుకునేవాడు. ఏ గుడారం దగ్గర పొగ కనిపిస్తే అక్కడ ఆపి, పులిసిన గుర్రప్పాలు తాగి మీసం తుడుచుకుంటూ వచ్చేవాడు. లారీలో ఏముందో అడగాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు.

తర్వాత, ఊళ్లో గోడౌను పెట్టిన ఒరుజ్‌బాయ్ సరుకు మోయడం మొదలైంది. అన్నీ ఒకే రకం పెట్టెలు, రష్యాకి పోయేవి. ఒకసారి ఒక పెట్టె పగిలింది. లోపల చిన్న మోటార్లు, రెక్కలు.

"పిల్లల బొమ్మలవిలే," అన్నాడు ఒరుజ్‌బాయ్.

"ఇన్ని బొమ్మలతో ఆడుకునే పిల్లలు ఎక్కడున్నారయ్యా?" అన్నాడు మా ఆయన.

జవాబు టీవీలో వచ్చింది. ఏదో దూరదేశపు ప్రభుత్వం ఒరుజ్‌బాయ్ కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది. ఆ మోటార్లు యుద్ధంలో బాంబులు మోసే డ్రోన్లకి పోతున్నాయట. బ్యాంకు వాళ్లు అతని ఖాతా మూసేశారు. నెల తిరక్కుండా అదే గోడౌనుకి కొత్త పేరుతో బోర్డు లేచింది. మా ఆయన అది చూసి వచ్చి లారీని పెరట్లో ఆపేశాడు.

"బోర్డు మారింది, పెట్టెలు అవే," అన్నాడు. అంతే.

టీ కొట్టు దగ్గర "ఎప్పుడు ముల్లావయ్యావు ఎసెన్‌కుల్?" అని ఏడిపించినా మళ్లీ లారీ తియ్యలేదు. బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో, చేలోనే గుండె ఆగిపోయింది.

మొన్న ఒరుజ్‌బాయ్ వచ్చాడు. పోయినాయన కోసం దువా చేశాడు, రొట్టె విరిచాడు, మా మరిది మెదెర్ వైపు చూశాడు. మెదెర్‌కి పని లేదు.

"వదినా, లారీ ఊరికే తుప్పు పడుతోంది. మెదెర్ తోలతాడు. ఇంటికీ ఆసరా," అన్నాడు ఒరుజ్‌బాయ్.

ఆయన కాదన్న పెట్టెల్ని ఆయన తమ్ముడే, ఆయన లారీలోనే మోస్తాడు.

"ఏడాది నిండి విందు పెట్టేదాకా పోయినవాడి గుర్రం ఎవరూ ఎక్కరు, అది మన ఆచారం," అన్నాను.

"అది ఇనుము వదినా, గుర్రం కాదు," అన్నాడు ఒరుజ్‌బాయ్.

"మా ఆయనకి గుర్రమే. పేరు కూడా పెట్టుకున్నాడు."

మెదెర్ తల గోక్కున్నాడు. "వదిన అన్నది నిజమే. ఎక్కితే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తారు."

ఒరుజ్‌బాయ్ టోపీ సర్దుకుని లేచాడు. "సరే, విందయ్యాకే వస్తాను. వారానికోసారి ఇంజను మాత్రం స్టార్టు చేయించండి. ఈ చలికి వదిలేస్తే ఇక లేవదు."

"అలాగే," అన్నాను.

ఈ ఉదయం మెదెర్ వచ్చి, "ఇంజను ఒకసారి తిప్పనా వదినా?" అన్నాడు.

"కూర్చో, టీ తాగు," అన్నాను.

తాగి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే జోర్గో మీద మంచు పేరుకుంటోంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.