అతుకు లేని కడ్డీ

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. ఈ ఒక్కటి మాత్రం పోలేదు.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపిన మా నాయన జీవితంలో ఒకే ఒక్క పిచ్చిపని చేశాడు. బెంగళూరు నుంచి రెండే సీట్లున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. "చీరల మూటన్నా పట్టదు, ఇదేం బండి!" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన పోయాక అది నాకు వచ్చింది.

ఆ కారులో యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉండదు. పెడల్ నుంచి, ఇంజిన్‌కు పెట్రోలు అందించే కార్బ్యురేటర్ దాకా ఇనుప కడ్డీలే, అవి తిరిగే మలుపుల దగ్గర ఇత్తడి బుష్‌లు. ఇరవై ఏళ్ల కిందట నేనూ నా చిన్ననాటి స్నేహితుడూ కదిరి నుంచి వస్తుంటే, ముదిగుబ్బ దాటాక పెద్ద కడ్డీ విరిగింది. కనుచూపు మేర ఎండిన వేరుశెనగ చేలే, నరమానవుడు లేడు. అంగడికి తెస్తున్న పట్టునూలు నాలుగు పేటలు పేని, ఒక కొస కార్బ్యురేటర్‌కు కట్టాం. రెండో కొస పట్టుకుని వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. నాకు ఒక చెయ్యి స్టీరింగుకూ, ఇంకో చెయ్యి గేరుకూ సరిపోయింది. లాగమంటే లాగాడు, వదలమంటే వదిలాడు. ఇల్లు చేరేసరికి వాడి వేళ్లు కోసుకుపోయాయి. మర్నాడు ఆ కడ్డీకి ఇత్తడి వెల్డింగ్ చేసిందీ వాడే. అప్పుడప్పుడే పని నేర్చుకుంటున్నాడు కాబట్టి అతుకు వేరుశెనగ కాయంత లావుగా, వంకరగా వచ్చింది. ఆ కారు మొత్తంలో నాకు ప్రాణం ఆ అతుకే. డిక్కీలో ఒక నూలు కండె ఆనాటి నుంచీ ఉంచుకున్నాను.

ఈ ఏడు బుష్‌లు అరిగి పెడల్ లొడలొడలాడుతుంటే, అనంతపురంలో వాడు పెట్టుకున్న మెకానిక్ షెడ్డులో కారు వదిలాను.

"ఏదీ మార్చొద్దురా, పాతవే బాగు చెయ్. ఆ కడ్డీ జోలికి మాత్రం పోవద్దు."

"నాకు చెప్తావేమ్రా!" అని నవ్వాడు.

నెల తర్వాత పోయి బానెట్ ఎత్తాను. అన్నీ తళతళలాడుతున్నాయి. కడ్డీ ఈ కొస నుంచి ఆ కొసకు నున్నగా ఉంది.

"అతుకు యాడ్రా?"

"ఏ అతుకు?"

నిజంగానే వాడికి గుర్తులేదు. తల గోక్కుంటూ చెప్పుకొచ్చాడు. "బెంగళూరు నుంచి ఒకాయప్ప ఇట్లాంటి కారే తెచ్చినాడు. ఒరిజినలే కావల్ల, అతుకున్నా సరేనన్న్యాడు. నీ కడ్డీ దానికేసి పంపిస్తి. నీకు లేతు మిషను మీద కొత్తది చేసినా గదా, దానికంటే గట్టిగుండాది. ఏమైందిప్పుడు?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని ఊరికే అనలేదు పెద్దలు. కడ్డీ పోయినందుకు ఒక ఏడుపైతే, వాడి చేతిపని వాడికే గుర్తులేనందుకు పది ఏడుపులు. ఇరవై ఏళ్లు నేనొక్కణ్ణే దాన్ని మోశానా?

"పీకు. ఇప్పుడే పీకు దాన్ని!" అని షెడ్డు అదిరేట్టు అరిచాను.

స్పానర్ తీసుకుని పీకాడు. డిక్కీలోంచి కండె తీసి, నూలు పేని, కార్బ్యురేటర్‌కు కట్టి సీట్లో కూర్చున్నాను. ఇంజిన్ స్టార్ట్ అయింది. స్టీరింగుకు ఒక చెయ్యి, గేరుకు ఒక చెయ్యి. దారం పళ్ల మధ్య పెట్టుకుని కూడా చూశాను, సిగ్గులేకుండా.

వాడు ఆ దారాన్నే చూస్తూ నిలబడ్డాడు. ముఖం మెల్లగా మారింది. అప్పుడొచ్చింది గుర్తు. పక్క తలుపు తీసి, కూర్చుని, చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యిరా. నేను లాగుతా."

ఇంజిన్ ఆపాను. దారం చుట్టి జేబులో పెట్టుకుని, కారును ఇంటికి లాక్కుపోవడానికి ట్రాక్టర్ దొరుకుతుందేమోనని రోడ్డు మీదికి పోయాను.