వైద్యురాలు చచ్చిపోయిన అధ్యాయం

2023 చలికాలం. ఎడ్మంటన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లోనే నా ఆఫీసు. నేను కాపీ ఎడిటర్‌ని. అంటే కథ రాసేదాన్ని కాదు. మొదటి అధ్యాయంలో నీలంగా ఉన్న కళ్లు పదో అధ్యాయంలో గోధుమరంగుకి మారితే రచయితని నిలదీసేదాన్ని. ఇంట్లో కూడా ఇదే బుద్ధని మా ఆయన గొణుగుతుంటాడు.

ఇంగ్లండులో ఉండే ఒక రచయిత్రి పుస్తకాలు ఏళ్ల తరబడి నా దగ్గరికే వచ్చేవి. మార్గరెట్ అందాం, అసలు పేరు అది కాదు. మంత్రాలూ రాజ్యాలూ ఉండే ఫాంటసీ నవలలు. వాటిలో ప్రేమించుకునేది ఇద్దరు ఆడవాళ్లు, ఒక సేనాని, ఒక వైద్యురాలు. రొమాన్స్ నవలల్లో హ్యాపీ ఎండింగ్ అంటే పాఠకులకి ఇచ్చిన మాట, ప్రేమికులిద్దరూ బతికి కలిసి ఉండాలి. మార్గరెట్ చిన్నప్పుడు మాత్రం ఇద్దరు ఆడవాళ్ల జంట కథలో కనబడితే, ఆఖరి పేజీలోపు ఒకరు చావాల్సిందేనట. "నా పుస్తకాల్లో అలా చావరు" అని మొదటి పబ్లిషర్‌తో గొడవపడి కాంట్రాక్టే వదులుకున్న మనిషి. ఆ మాట నమ్మే జనం ఆవిడ వెంట నడిచారు.

ఆ చలికాలంలో ఆఖరి సంపుటి వచ్చింది. పెళ్లి జరగాల్సిన అధ్యాయంలో వైద్యురాలు నదిలో పడి చచ్చిపోయింది. సేనాని ఎవరో మగవాణ్ని కట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. మార్జిన్‌లో క్వెరీ పెట్టాను. రచయితకి మేం వేసే ప్రశ్నని అలా అంటాం. "ఇది కావాలనే చేశారా?"

"ఇలాంటివాళ్లకి ఇంకెలా జరుగుతుంది?" అని జవాబు వచ్చింది.

మా ఆయనకి చూపించాను. "కామెంట్స్‌లో పోట్లాడతావేంటి, కాల్ చేసి మాట్లాడు" అన్నాడు.

వీడియో కాల్ ఎత్తింది రూత్, మార్గరెట్‌తో నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్నావిడ. విషయం చెప్పాను. "మతిమరపు జబ్బన్నారు డాక్టర్లు. రాయడం ఆగలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను. ఏం రాస్తోందో చూడలేదు" అంది.

ఇంతలో మార్గరెట్ వచ్చి పక్కన కూర్చుంది. నన్ను గుర్తుపట్టలేదు. రూత్‌ని చూపించి, "ఈవిడ మా ఇంట్లో అద్దెకుంటుంది" అంది మర్యాదగా. తర్వాత గొంతు తగ్గించి రూత్‌తో, "ఎవరడిగినా అదే చెప్పు" అంది.

ఆవిడ లేచి వెళ్లాక రూత్ చెప్పింది. "కొత్తలో పక్కింటివాళ్లకి అలాగే అబద్ధం చెప్పేవాళ్లం. మానేసి ఎన్నేళ్లయిందో." తర్వాత బతిమాలింది. "మీరే మార్చెయ్యండి. ఇద్దర్నీ బతికించండి. తన పేరుమీద ఆ చావు అచ్చు కాకూడదు."

"రచయిత ఒప్పుకోకుండా నేనేమీ మార్చకూడదండీ" అన్నాను. ఒప్పుకోడానికి ఆ రచయిత ఇప్పుడెక్కడుంది? ఆ మాట అన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

రూత్ పబ్లిషర్‌తో మాట్లాడి పుస్తకం ఆపించింది. పెళ్లెప్పుడని పాఠకులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. వాళ్లకి ఎవరూ జవాబివ్వడం లేదు.

మొన్నామధ్య రూత్‌కి ఫోన్ చేశాను. "నిన్న తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను సంబరపడేలోపే, ముందు కర్టెన్లు వెయ్యమంది" అంది.

తప్పు కనబడితే దిద్దవచ్చనే నమ్మకంతోనే ఇన్నేళ్లూ ఈ పని చేశాను. ఆ నమ్మకం ఇప్పుడు లేదు. మనిషి కష్టపడి గెలుచుకున్నవే ముందు పోతాయి. చిన్నప్పుడు ఎవరో పెట్టిన భయం చివరిదాకా ఉంటుంది. మార్గరెట్ ఇంకా బతికే ఉంది, ఆ భయంతోనే.