ఏందిది అనే కూడు

ధాత నామ సంవత్సరపు కరువు నాటికి నాకు తొమ్మిదేళ్లు. ఉదయగిరి కొండ కింద మా పల్లె. మా ఇంట్లో అందరం బాప్తిస్మం తీసుకుని అప్పటికి రెండేళ్లయింది. వానలు లేక, పొలం పనులు లేక, నాయన ఆత్మకూరు దారిలో సర్కారు వేయిస్తున్న రోడ్డు పనికి వెళ్లాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, రెండు నెలల తమ్ముడు మిగిలాం. తిండి లేక అమ్మకు పాలు ఎండిపోతున్నాయి. వాడు ఏడ్చినప్పుడల్లా అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. వాడు దక్కుతాడా లేదా అన్నదే మా అందరి భయం.

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద చాలా కోపంగా ఉండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇప్పటికీ అంటారు. అప్పుడైతే దానికి ఆకలి కూడా తోడైంది. అవ్వకు మాత్రం ఆయన మీద నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు. పొద్దున్నే లేచి చేతులు జోడించి, "నాయనా, ఈ పూటకి చూడు" అనేది. అంతే ఆమె ప్రార్థన.

"రేపటిక్కూడా అడగొచ్చు గదవ్వా?" అన్నాను ఒకసారి.

"రేపు ఆయన యాడికైనా పోతాడా ఏంది?" అన్నది.

నెలకొకసారి మా పల్లెకు వచ్చే బోధకుడు ఇశ్రాయేలీయుల కథ చెప్పాడు. అడవిలో ఆకలితో ఉన్నవాళ్లకు దేవుడు నేల మీద సన్నటి గింజల్లాంటి ఆహారం కురిపించాడనీ, అదేమిటో తెలియక వాళ్లు దాన్ని మన్నా అన్నారనీ, ఆ మాటకు "ఏందిది" అని అర్థమనీ చెప్పాడు. మన్నా అనే మాటను అవ్వ మర్నాటికే మరిచిపోయింది. అర్థాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో దొరికిన ప్రతి తిండి పేరూ అదే. నానబెట్టి ఉడికించిన చింతగింజలు ఏందిది. ముళ్లు గీకేసిన జెముడు పండ్లు ఏందిది. "ఏందిది ఉండాది, వచ్చి తిను" అని పిలిచేది. నాకు ఒళ్లు మండేది. పేరు మారిస్తే చేదు తీపవుతుందా?

ఒకరోజు చింతగింజలు కూడా అయిపోయాయి. తమ్ముడు ఏడవడం కూడా మానేశాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. అంతలో కొండ నుంచి కట్టెలు తెస్తున్న సాయిబు ఒకాయన మా గుమ్మం ముందు మోపు దించి నీళ్లడిగాడు. తాగి, "అవ్వా, కొండకి పడమటి పక్క పోబాకండి. వెదురు పూసుండాది. మంచిది గాదు" అన్నాడు.

వెదురు పూస్తే కీడని మా వైపు అందరికీ భయం. అవ్వ కూడా ఆ భయంలో పెరిగిన మనిషే. అయినా, "పూసి ఎన్నాళ్లయిందయ్యా?" అని అడిగింది.

"శానా రోజులే అయ్యుండాది. అంతా రాలిపోతా ఉండాది."

"రాలేది పువ్వా, గింజా?"

సాయిబు కాస్త ఆలోచించి, "గింజేనవ్వా" అన్నాడు.

అవ్వ చీపురు, చేట, పాత కోక తీసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఎండలో కొండెక్కుతూ దారంతా సణుగుతూనే ఉన్నాను. వెదురు పొదల కింద నేలంతా సన్నవడ్లలాంటి గింజలు. కీడుకు భయపడి ఎవరూ ముట్టలేదు. అవ్వ ఊడుస్తూ ఏడ్చింది. నేను నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాను. సణుగుడు దానంతటదే ఆగిపోయింది. దిగేటప్పుడు దారిలో ఉన్న సాయిబు ఇంట్లో కూడా ఒక చేటెడు పోసి వచ్చాం.

ఆ గింజలు దంచి, చెరిగి, జావ కాచి అవ్వ అమ్మకు తాగించింది. జావ తేటలో గుడ్డ ముంచి తమ్ముడి పెదాలు తడిపింది. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ అంతే. నేను మళ్లీ దేవుడితో తగువుకు సిద్ధమయ్యాను. నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ తనంతట తానే లేచి కూర్చుని, "వాణ్ణి ఇట్టియ్యి" అన్నది.

తమ్ముడు రొమ్ము పట్టుకున్నాడు. ఒక గుటక, ఇంకో గుటక. అంతలో వాడికి పొలమారింది. ఆ కరువులో, మా ఇంట్లో, పాలు ఎక్కువై పొలమారింది. అమ్మ హడలిపోయింది. అవ్వ వాడి మాడు మీద మెల్లగా ఊది, "ఎవరో తలుచుకుంటా ఉండార్రా నిన్ను" అన్నది.

నాయనే అనుకుని అమ్మ కళ్లు తుడుచుకుంది. కొండ మీద ఆ గింజలు ఊడ్చుకొచ్చిన దాన్ని, తలుచుకున్నది ఎవరో నాకు తెలుసు.