కళ్ళజోళ్ళాయన హెడ్‌లైటు

ఊళ్ళో సగం మంది చూపు సరిచేసిన కళ్ళజోళ్ళాయన ముప్పయ్యేళ్ళుగా మసక దీపంతోనే ఇల్లు చేరుతున్నాడు. తండ్రి నాటి మోటారుసైకిలు అది. ఇంజను వేగాన్ని బట్టే దాని వెలుగు; నెమ్మదిస్తే హెడ్‌లైటు మిణుగురు పురుగైపోతుంది. అందుకని రోజూ వీధి మలుపులో, ఇన్నేళ్ళుగా ఎవరూ పూడ్చని గుంట దగ్గర, క్లచ్చు నొక్కి రెండుసార్లు యాక్సిలేటరు తిప్పుతాడు. దీపం భగ్గుమంటుంది, గుంట కనిపిస్తుంది, పక్కనుంచి తప్పుకుని వస్తాడు. ఎవరైనా నవ్వితే, "దారి నాకు తెలుసు, బండికీ తెలుసు" అంటాడు.

అరవై దాటాక తన చూపూ తగ్గిందని ఒప్పుకుని, మొన్న ఆదివారం బండి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని కొత్త బ్యాటరీ, తెల్లటి ఎల్‌ఈడీ బల్బు బిగించాడు. సోమవారం సాయంత్రం దుకాణం కట్టేసి వస్తుంటే మలుపులో గుంటే కాదు, అందులో పడున్న సోడా మూత కూడా కనిపించింది. పెళ్ళికొడుకులా వచ్చి ఇంటి ముందు ఆగాడు. గేటుకు లోపల తాళం. నాలుగుసార్లు కొట్టాక భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదేంటి, చడీచప్పుడు లేకుండా వచ్చారు? మలుపులో మీ బండి రెండుసార్లు అరిస్తేనే కదా నేను టీ పెట్టి తాళం తీసేది."

"ముందు లైటు చూడు."

చూసింది. "బాగుంది, పట్టపగల్లా ఉంది. టీకి మాత్రం పది నిమిషాలు ఆగాలి."

మర్నాడు సాయంత్రం, గుంట స్పష్టంగా కనిపిస్తున్నా, ఆయన మలుపులో ఆగి క్లచ్చు నొక్కి రెండుసార్లు యాక్సిలేటరు తిప్పాడు. హెడ్‌లైటు వెలుగు ఇసుమంతైనా పెరగలేదు. వీధి చివర వంటింటి కిటికీలో మాత్రం దీపం వెలిగింది.