నీళ్ళ లైన్లో నిలబడ్డ బోన్సాయ్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఒక సింహాసనం మాయమవుతుంది. ఏళ్ళనాటి పగ భగ్గుమంటుంది. నడివీధిలో ఒక తల్లి భీషణ ప్రతిజ్ఞ చేస్తుంది. చివరికి ఒక మహావృక్షం వచ్చి రెండు పక్షాల మధ్య నిలబడుతుంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు. పీటలు వాల్చుకుని కూర్చోండి.

కూర్చున్నారా? అయితే ఇప్పుడు నిజం చెబుతాను. సింహాసనం అంటే చిల్లులు పడ్డ సత్తు బేసిన్. మహావృక్షానికి ఐదాకులు. మిగతాదంతా నా తెలివి.

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైకి మారిన రోజులవి. ఊరికి కొత్త పేరు వచ్చింది గాని కొళాయికి నీళ్ళు రాలేదు. మా నాయన రిటైరవడంతో ఎన్నూరు థర్మల్ స్టేషన్ క్వార్టర్స్ ఖాళీ చేసి, పురసవాక్కంలో ఒక వీధి మూలనున్న మేడ మీద అద్దెకు దిగాం. ఎన్నూరులో ఆరేసిన చొక్కా మీద బూడిద రాలేది, కాని కొళాయి తిప్పితే నీళ్ళు పడేవి. పురసవాక్కంలో చొక్కా తెల్లగా ఉంటుంది, ఉతకడానికి నీళ్ళు దొరికితే.

నాకప్పుడు డిగ్రీ రెండో ఏడు. ప్రపంచంలో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం. దిగిన వారానికి క్షవరానికి వెళ్ళి, నా వంతు వచ్చేదాకా ఒక పాత వారపత్రిక తిరగేశాను. అందులో బోన్సాయ్ మీద వ్యాసం ఉంది. వ్యాసమంటే సగం వ్యాసం. మిగతా సగాన్ని మంగలాయన చింపి కత్తికి అంటిన నురుగు తుడుచుకున్నాడు. మిగిలిన సగంలో ఉన్నదిది: పాత్ర వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. కోడిగుడ్డు ఆకారమైతే మరీ మంచిది. రంగు మెరవకూడదు, కాలం తిన్నట్టుండాలి. అడుగున చిల్లులుండాలి, చిల్లుల మీద ఇటుకపొడి పరవాలి. నీళ్ళు మరవకూడదు. నురుగులో కలిసిపోయిన సగంలో ఏముందో అని నేను రవ్వంత కూడా బెంగపడలేదు. సగం చదివి మొత్తం రాసెయ్యడం నాకు పరీక్షల్లో అలవాటే.

చెట్టు సులువుగానే దొరికింది. మా మేడ గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కని వేళ్ళతో సహా ఊడదీశాను.

"రావిచెట్టు ఇంట్లో పెంచకూడదురా! గోడలు పగలదీస్తాది," అంది అమ్మ.

"ఇది పెరగదమ్మా. పెరగకపోవడమే దీని గొప్ప."

"పెరగని చెట్టుని పెంచేదేంది రా?"

ఈ ప్రశ్నకు జపానువాళ్ళ దగ్గరైనా జవాబుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కుండీ లేదు, మట్టి లేదు, చెట్టు పేరు బోన్సాయ్. మొక్కని తడిగుడ్డలో చుట్టి పాత్రల వేటలో పడ్డాను. అమ్మ ఇడ్లీరేకులు చూశాను. చిల్లులున్నాయి, కాని అమ్మ కూడా ఉంది. బస్సెక్కి జార్జి టౌన్ వెళ్ళి, తోపుడుబండ్ల మధ్య నలిగి, ఒక పింగాణీ కొట్లో పళ్ళెం లాంటి తొట్టి కనిపెట్టాను.

"ఒకటి ఇవ్వండి."

"డజనుకి తక్కువ బిల్లు వెయ్యం తంబీ. హోల్‌సేలు."

"నాకున్నది ఒక చెట్టండీ."

"ఇంకో పదకొండు నాటుకో."

ఉత్త చేతులతో తిరిగొచ్చి, పొద్దు వాలే వేళకి బస్సు దిగి ఇంటి ముందుకు చేరాను. అప్పుడు చూశాను దాన్ని.

మా ఇంటి గోడ వారగా వీధి పొడుగునా తుక్కు సామాను వరుసగా ఉంటుంది. చిల్లుల బేసిన్, దాని వెనక ఇటుక, దాని వెనక పెయింటు డబ్బా, పగిలిన బకెట్టు, పిడి లేని చెంబు, అలా మూల తిరిగేదాకా. వారం నుంచీ దాన్ని చూసి నాలో నేను మెచ్చుకుంటూనే ఉన్నాను. 'ఈ వీధివాళ్ళకి ఎంత క్రమశిక్షణ! చెత్త కూడా వరుసలో పారేస్తారు.'

ఆ సాయంత్రం చూసినవి మాత్రం బోన్సాయ్ కళ్ళు. అన్నిటికంటే ముందున్న ఆ బేసిన్, ఏ చక్రమో ఎక్కినట్టు నొక్కుకుపోయి అచ్చం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఉప్పునీళ్ళు తిని తిని బూడిదరంగుకి వచ్చింది. అడుగున మూడు చిల్లులు. వ్యాసం రాసినాయన దీన్ని ఎదురుగా పెట్టుకునే రాసుండాలి! దాని వెనక ఇటుక. ఇటుకపొడి కూడా సిద్ధం. పెయింటు డబ్బాని కూడా ఒక చూపు చూశాను గాని, మరీ లోతు. అందం చందం లేదు. వదిలేశాను.

బేసిన్ ఒక చంకన, ఇటుక ఒక చంకన పెట్టుకుని మేడెక్కాను. ఇటుకని సుత్తితో పొడి కొట్టి, అడుగున పరిచి, ఎర్రమట్టి పోసి, రావిమొక్కని నాటాను. బాల్కనీ బయట పాత అద్దెవాళ్ళు కుండీల కోసం బిగించిన ఇనప ఊచల చట్రం మీద దాన్ని నిలిపాను. వీధిని శుభ్రం చేసిన పుణ్యం అదనం.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ఆ వీధిలో నా ఒక్కడికి తప్ప కుక్కలకు కూడా తెలిసిన రహస్యం. నీళ్ళ లారీ తెల్లవారుజామున వచ్చి మా మూల మీద ఆగుతుంది. బిందెలు ముందే వరుసలో పెడదామంటే మంచి బిందెని ఎవడైనా ఎత్తుకుపోతాడు. అందుకని ప్రతి ఇల్లూ ఎందుకూ పనికిరాని వస్తువునొకదాన్ని తన తరఫున నిలబెడుతుంది. అది నిలబడ్డ చోటే ఆ ఇంటి 'ఇడం'. అరవంలో ఇడమంటే చోటు. అక్కడ తెలుగువాళ్ళకీ అదే మాట. లారీ రాగానే మనుషులు అసలు బిందెలతో వచ్చి ఎవరి ఇడంలో వాళ్ళు నిలబడతారు. వస్తువు లేదా, ఇడం లేదు. తోకకి పోవాల్సిందే. అద్దె ఇల్లు మారితే తాళంచెవితోపాటు ఇడం కూడా చేతికొస్తుంది. మా అమ్మకి అలా వచ్చిన ఇడం మూడోది. ఆ పెయింటు డబ్బా.

ఇవన్నీ నాకెలా తెలుస్తాయి? లారీ వచ్చే వేళకి నేను రెండో నిద్రలో ఉంటాను.

మర్నాడు వీధిలో కేకలకి మెలకువ వచ్చింది. లేచి మొదట చేసిన పని, చెట్టుకి చెంబు నిండా నీళ్ళు పొయ్యడం. ఆ తర్వాత తీరిగ్గా బాల్కనీ పట్టుకుని తగాదా చూశాను.

"నా బేసిన్ యాడ రా?" అని అరుస్తున్నది ఎదురింటి మునెమ్మత్త. ఆవిడ ఇడ్లీకుండ పొయ్యెక్కకపోతే మా వీధికి తెల్లవారదు. లారీ తొలి నీళ్ళు తేటగా ఉంటాయి. పోను పోను తుప్పు దిగుతుంది. తుప్పునీళ్ళతో ఇడ్లీ వండితే ఎవరు తింటారు? మొదటి ఇడం ఆవిడకి అన్నం కుండ.

"నన్నడిగితే? నా ఇటికే లేదు!" అన్నాడు ఆటో నడిపే కన్నప్ప మామ. రెండో ఇడం ఆయనది.

"ఇటిక ఊరంతా దొరుకుతాది. అది మా అత్త కాలం బేసిన్! నీ ఆటో ఎక్కించి కోడిగుడ్డు చేసింది చాల్లేదా, ఇప్పుడు మింగేసినావా?"

"ఏయ్ మునెమ్మా, ఆటో ఎక్కింది ఎప్పుడో, ఇప్పుడెందుకు ఆ పంచాయితీ? అదో చూడు, ముందర ఎవురి డబ్బా ఉండాదో!"

సరిగ్గా అప్పుడే రెండు ప్లాస్టిక్ బిందెలతో మెట్లు దిగిన మా అమ్మ, వరుస మొదట్లో మా డబ్బాని చూసి మనసులో అనుకోవాల్సిన మాట పైకి అనేసింది.

"అబ్బ, మనం ముందరికొచ్చినామే!"

ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని మునెమ్మత్త, కన్నప్ప మామ ఒక్క క్షణంలో ఒక్కటైపోయారు.

"వచ్చి పదినాళ్ళు కాలే, రెండు తలకాయలు లేపేసినావే తల్లీ!"

"ఏందక్కా ఆ మాట? మేము మర్యాదస్తులం!"

"మర్యాదస్తులు ఎన్నూరులో ఉండల్ల, ఈడకెందుకు వచ్చినారు?"

అమ్మకి కోపం నషాళానికెక్కింది. బిందెలు కింద పెట్టి, కొంగు దోపి, వీధి వీధంతా వినేలా ప్రతిజ్ఞ చేసింది.

"మా ఇంట్లో ఆ బేసిన్ కనపడితే, ఈ ఎండాకాలం పోయేదాకా మీ ఇద్దురి ఇండ్లకీ నీళ్ళు మా ఇంటోళ్ళే మోస్తారు!"

'మా ఇంటోళ్ళు' అన్న మాట గమనించండి. అమ్మకి నడుం నొప్పి. నాయనకి మోకాళ్ళు. ఇక ఇంట్లో మిగిలింది ఎవరో లెక్క మీకే వదిలేస్తున్నాను. దొంగకి తేలు కుడితే అరవకుండా ఉంటాడంటారు. నాకు తేళ్ళ సంత కుట్టింది.

అప్పుడు మొదలైంది. టప్. టప్, టప్. కాస్త ఆగి, మళ్ళీ టప్. టప్, టప్.

మునెమ్మత్త నెత్తి తడుముకుంది. వేళ్ళకి ఎర్రనీళ్ళు. అరచెయ్యి చాపి, ఇంకో మూడు చుక్కలు పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసింది.

"ఒకటి ముందర, రెండు ఎనక. ఇది నా బేసిన్ కారే కారుడు!"

అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా, తన బేసిన్ చుక్క మునెమ్మత్తకి తెలియదా! వీధంతా తలలెత్తింది. అందరికంటే నెమ్మదిగా ఎత్తింది మా అమ్మ.

బేసిన్ని నెత్తిన పెట్టుకుని కిందికి దిగాను. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్తున్నట్టుంది. తేడా ఏమిటంటే నిమజ్జనం నాకు.

"చెత్త అనుకున్నానత్తా."

"నా ఇడం నీకు చెత్తా?"

కన్నప్ప మామ ముందుకొచ్చాడు. "అది సరే, నా ఇటిక?"

"ఇందులోనే ఉంది మామా. వేళ్ళ కింద."

"తియ్యి."

"పొడిగా ఉంది."

మునెమ్మత్త మొక్క మొదలు పట్టుకుంది. "అత్తా, పీకొద్దు! నిన్ననే నాటాను, వేళ్ళు కదిలితే చచ్చిపోతుంది," అని బతిమాలాను. ఆవిడ ఆగింది. నా కోసం కాదు. ఆకు చూసి.

"రావిచెట్టా ఇది?"

"అవునత్తా."

"రావిచెట్టు పీకితే పాపం ఎవురికి?"

"పీకినోళ్ళకే," అన్నాడు కన్నప్ప మామ.

"అట్టయితే నువ్వు పీకు."

"నేనెందుకు పీకల్ల? దాన్ని మోస్తా ఉండేది నా ఇటిక!"

అంతలో లారీ హారన్. వరుస మొత్తం బిందెలెత్తింది. మునెమ్మత్త ఇంకేం ఆలోచించలేదు. చెట్టుతో సహా బేసిన్ని దాని పాతచోట ధన్‌మని పెట్టి వెనక నిలబడింది.

"నా ఇటికా ఆడే ఉండాదిగా! అయితే నేనూ మొదటి ఇడమే," అని కన్నప్ప మామ ఆవిడ పక్కన చేరాడు.

ట్యూబు పట్టుకున్న లారీ మనిషి విసుక్కున్నాడు. ఇద్దరూ జుట్లు పట్టుకునేలా ఉన్నారు. అప్పుడు తలెత్తలేక నిలబడ్డ మా అమ్మ నోరు విప్పింది.

"అన్నా, బేసిన్ పైన ఉండాది, ఇటిక దాని కింద ఉండాది. పైన ఉండేది మొదటిది, కింద ఉండేది రెండోది. సరేనా?"

కన్నప్ప మామ వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. "రెండోదేగదా ముందర నుంచీ నాది? సరి, సరి," అన్నాడు, ఏదో గెలిచినవాడిలాగే.

ఇంత యుద్ధం జరిగాక అందరూ నిన్న నిలబడ్డ చోటే నిలబడ్డారు. ఇడ్లీ కాస్త ఆలస్యంగా ఉడికింది. నాకు మాత్రం దొరకలేదు. నేను నీళ్ళు మోస్తున్నాను.

ఆపైన నా రావిచెట్టు వీధి మొదటి పౌరుడిలా రోజూ లైన్లో నిలబడింది. "చెట్టు ముందర నిలబడుకోని ఉంటే దానికి పొయ్యకుండా నేనెట్టా పట్టుకునేది?" అని మునెమ్మత్త ఒక దోసెడు పోసేది. ఆవిడ పోస్తే వెనకవాళ్ళు ఊరుకుంటారా? ఊరంతా నీళ్ళకి ఏడుస్తుంటే నా చెట్టు నీళ్ళలో ఏడ్చింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నాది మొక్కగానే వంగి, పడుకుని, ఆకులు రాల్చడం మొదలుపెట్టింది.

"దిష్టి," అంది మునెమ్మత్త. నిమ్మకాయ కట్టింది.

"నా ఇటిక ఉసురు," అన్నాడు కన్నప్ప మామ.

"నేను ముందే చెప్పినా," అంది అమ్మ.

చివరి ఆకు కూడా పండుబారిన రోజు మునెమ్మత్త కర్పూరం వెలిగించి, చెట్టు ముందు లెంపలేసుకుని, "బతికించేదానికి పీకితే పాపం లేదు తల్లీ," అంటూ మట్టిముద్దతో సహా ఎత్తి మా పెయింటు డబ్బాలోకి మార్చేసింది. డబ్బా మేడెక్కింది. బేసిన్ ఖాళీగా, గర్వంగా తన ఇడంలో కూర్చుంది. కన్నప్ప మామ కొత్త ఇటుక తెచ్చుకున్నాడు.

"మరి మన ఇడంలో ఏం పెట్టల్ల?" అంది అమ్మ. అని నా వైపు చూసింది. ఎందుకూ పనికిరాని వస్తువే కదా కావాల్సింది.

ఆ ఎండాకాలమంతా ఇటుక వెనక, పగిలిన బకెట్టు ముందు నేనే నిలబడ్డాను.

కనుక నీళ్ళ లారీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వీధిలో వరుసగా ఉన్న ఏ వస్తువులోనూ, అది బేసినైనా, బకెట్టైనా, మనిషైనా, ఎవరిదో అడగకుండా ఇక జన్మలో మట్టి నింపను.

అన్నట్టు, ఆ వారపత్రిక చిరగని ప్రతి ఈమధ్య వేరే సెలూన్లో దొరికింది. మిగతా సగం చదివాను. లేత మొక్కని మొదటే పళ్ళెంలో పెట్టకూడదట. రెండు మూడేళ్ళు లోతైన మామూలు డబ్బాలో పెంచాలట. పాత పెయింటు డబ్బా చాలట. అడుగున మేకుతో చిల్లులు పొడవాలట. మా డబ్బాకి ఎవరూ పొడవలేదు.