నా చెయ్యి మీద ఇంకో చెయ్యి

గోదావరిఖనిల ఒక ప్రైవేటు దవాఖానల ఆపరేషన్ థియేటర్ నర్సును నేను. పదహారేండ్ల నుంచి ఇదే పని. ఎవరన్న దయ్యం గియ్యం అంటే, ముందుగాల బీపీ చూపిచ్చుకోమనేదాన్ని. మా అమ్మ దిష్టి తీస్తనన్నా నవ్వేదాన్ని.

పోయిన ఎండాకాలం సంగతి. బొగ్గుబాయిల మొదటి షిఫ్టు దిగి బండి మీద ఇంటికి పోతున్న ఒకాయనను కమాన్‌పూర్ రోడ్డు మీద లారీ గుద్దింది. సాయంత్రం నాలుగున్నరకు మా దగ్గరికి తెచ్చిండ్రు. లోపల ప్లీహం పగిలి కడుపంత నెత్తురు నిండింది. ఆయన భార్య థియేటర్ తలుపు కాడ నా చెయ్యి పట్టుకొని, "అక్కా, ఎట్లన్న చేసి బతికియ్యుండ్రి" అని ఏడ్చింది.

మా సర్జన్‌ను అందరం డాక్టర్ సాబ్ అంటం. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కడుపు కోసి, లోపల చెయ్యి పెట్టి నెత్తురు కారే జాగ వెతికి, "దొరికింది" అన్నడు. అంతల్నే, "సిస్టర్, ఏసీ బందైందా?" అని అడిగిండు. ఏసీ నడుస్తనే ఉంది. ఆయన మొఖమంత చెమట.

"ఈడ గుడ్డ పెట్టి ఒత్తిపట్టు" అని నాకు చూపిచ్చి, పేషెంట్ మీద పడకుండ రెండడుగులు వెనుకకు వేసి, కూలిపోయిండు.

మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఉరికొచ్చి ఆయన మెడ పట్టి చూసింది. "పల్స్ లేదు! యాదన్నా, ఛాతి మీద ఒత్తు. సిస్టర్, నువ్వు మాత్రం పేషెంట్‌ను ఇడువకు, ఏమైనా సరే." యాదన్న మా థియేటర్ అసిస్టెంట్. ఇంకో నర్సు షాక్ మిషన్ తెచ్చిచ్చి, పక్క దవాఖాన సర్జన్‌కు ఫోన్ చేసేటందుకు బయటికి ఉరికింది.

నా వెనుక నేల మీద డాక్టర్ సాబ్. ముందట ఈయన. చెయ్యి తీస్తే ఈయన పోతడు. యాదన్న "ఒకటి, రెండు, మూడు" అని లెక్కవెట్టుకుంట ఒత్తుడు ఒక్కటే వినవడుతున్నది.

కొన్ని నిమిషాలకు నా వేళ్లు మొద్దుబారినయి. గుడ్డ తడిసి నెత్తురు పైకి ఊరుతున్నది. పేషెంట్ బీపీ పడిపోతున్నది.

అప్పుడు నా చెయ్యి మీద ఇంకో చెయ్యి పడ్డది. గ్లోవు తొడిగిన చెయ్యి, బరువుగ. రబ్బరు రబ్బరుకు రాసుకున్న చప్పుడు కూడ విన్న. డాక్టరమ్మ వచ్చిందనుకొని, "గట్ల పట్టుకోండి మేడం" అన్న. తల తిప్పి చూసిన. నా పక్కన ఎవరు లేరు. డాక్టరమ్మ కింద, షాక్ మిషన్ దగ్గర ఉన్నది.

చెయ్యి గుంజుకోవాలనిపిచ్చింది, రాలేదు. అది ఇంకింత గట్టిగ ఒత్తింది. ఊరుతున్న నెత్తురు ఆగింది.

"జరుగుండ్రి!" అని డాక్టరమ్మ షాక్ ఇచ్చింది. రెండోసారి ఇచ్చినంక, "వచ్చింది, పల్స్ వచ్చింది" అన్నది. సరిగ్గ అప్పుడే నా చెయ్యి మీద బరువు లేచిపోయింది.

పక్క దవాఖాన సర్జన్ వచ్చి ఆపరేషన్ పూర్తి చేసిండు. గ్లోవు తీసి చూసుకుంటే, నా కుడిచెయ్యి వెనుకవైపు నాలుగు ఎర్రటి చారలు. డాక్టరమ్మకు చూపిస్తే, "గంతసేపు ఒత్తినవు, గట్లనే అయితది" అన్నది. నేను ఒత్తింది అరచేత్తోని. మిగిలిన సంగతి ఆమెకు చెప్పలేదు, మా ఆయనకు కూడ చెప్పలేదు.

ఇద్దరు బతికిండ్రు. బాయి ఆయన మళ్ల డ్యూటీకి పోతున్నడు. డాక్టర్ సాబ్‌కు హైదరాబాద్‌ల స్టెంట్ వేసిండ్రు. రెండు నెలలకు మమ్ముల చూసిపోదామని వచ్చిండు. అందరు పలకరిచ్చి పోయినంక నా కుడిచెయ్యి దిక్కు చూసి, మెల్లగ అడిగిండు:

"సిస్టర్, ఆ రోజు నీ చెయ్యి బాగ నొచ్చిందా? జర గట్టిగనే ఒత్తిన."

"ఎప్పుడు సాబ్?" అన్న.

"యాదన్న లెక్కవెడుతుండె గద, అప్పుడు."

నేను ఆ చెయ్యి వెనుకకు పెట్టుకున్న. ఆయన మళ్ల ఆ ముచ్చట తియ్యలేదు. ఇది ఎట్లయిందో నాకు ఇయ్యాల్టికి తెల్వదు. ఆయనను అడుగుదామంటే, ఏం చెప్తడోనని భయం.